మెడలో సవతమ్మ

గల్ఫ్‌లో, మేముండే రువైస్‌లో మా ఆయనను ఎరగని తెలుగువాడు లేడు. ప్లాంటులో సూపర్‌వైజర్ అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. టెన్నిస్ బంతి క్రికెట్లో సిక్సర్లు కొట్టే కెప్టెన్ అంటే చాలు. సెలవురోజు ఆయన ఆట చూడటానికి అబుదాబి నుంచి కూడా కార్లేసుకుని వస్తారు. మైదానంలో పదిమందినీ అరిచి పరుగెత్తించే మనిషి ఇంటికొస్తే నోరు విప్పడు. వీధిలో పులి, ఇంట్లో పిల్లి.

నేను ఆయన రెండో భార్యను. మొదటామె కరోనా తొలి ఏడాదిలో పోయింది. అప్పటికి కూతురికి నాలుగేళ్ళు. రెండేళ్ళ తర్వాత ఊళ్ళో మా పెళ్ళయింది. మా జగిత్యాల వైపు ఒక ఆచారం ఉంది. చనిపోయిన మొదటి భార్య పేర చిన్న వెండి బిళ్ళ చేయించి రెండో భార్య మెడలో కడతారు. దాన్ని సవతమ్మ అంటారు. తాళి పడిన రోజే మా అత్త నా మెడలో ఆ బిళ్ళ కూడా కట్టింది.

"తియ్యకు బిడ్డా. పండుగకు కొత్త చీర తెస్తే ముందు ఆమెకు సూపెట్టి, బొట్టు పెట్టి, అటెంక నువ్వు కట్టుకో" అంది.

తలూపాను గానీ ఒళ్ళు మండింది. రువైస్ వచ్చాక ఇంకా మండింది. క్వార్టర్స్‌లో ఆడవాళ్ళందరూ ఆమె చేసిన సకినాల దగ్గర్నుంచి ఆమె నవ్వు దాకా నా ముందే పొగిడేవారు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అని పెద్దలు ఊరికే అనలేదు.

అసలు బాధ పాపతో. నన్ను చిన్నమ్మ అని పిలవమని వాళ్ళ నానమ్మ ఫోన్లో ఎంత చెప్పినా పిలిచేది కాదు. నాతో మాటే లేదు. బడి నుంచి రాగానే నా పక్కన కూర్చుని, నా మెడలో బిళ్ళ పట్టుకుని దాంతో మాట్లాడేది.

"అమ్మా, ఇయ్యాల మేడమ్ నాకు స్టార్ ఇచ్చింది. అమ్మా, టిఫిన్ల పప్పు మంచిగలేకుండె."

వండింది నేను, వినేది ఆమె. ఫొటో తగిలించిన మేకులా మెడ వంచి కూర్చునేదాన్ని. ఆ పిల్ల ఒక్కసారి తలెత్తి నా ముఖం చూస్తే చాలని ఎంత ఆశపడ్డానో, అంత ఏడ్చాను కూడా.

తర్వాత నాకు నెల తప్పింది. పాప నా పొట్ట మీద చెవి పెట్టి విని, ఆ సంగతి కూడా బిళ్ళకే చెప్పింది. "అమ్మా, మనింట్లకు చెల్లె వస్తుంది." చెల్లెలేనని దానికి ఎవరు చెప్పారో.

ఐదో నెలలో కడుపు పోయింది. అబుదాబి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే దారి పొడుగునా మా ఆయన రోడ్డు చూస్తూనే ఉన్నాడు. నాకు ఒక్క మాట కావాలి. ఎంత పిచ్చి మాటైనా సరే. పెట్రోల్ బంకు దగ్గర కారాపి, "చాయ్ తాగుతవా?" అన్నాడు. అంతే.

ఇల్లు చేరగానే పక్కింట్లో ఉన్న పాప పరుగెత్తుకొచ్చింది. నా పొట్ట వైపు చూసి, వాళ్ళ నాన్న వైపు చూసింది.

"చెల్లె లేదు బిడ్డా" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

నేను సోఫాలో కూలబడ్డాను. పాప పక్కకొచ్చి కూర్చుని ఎప్పట్లాగే బిళ్ళ పట్టుకుంది. ఆ రోజు నాకు వినే ఓపిక లేదు. తెంపి పారేద్దామన్నంత కోపం వచ్చింది.

"అమ్మా, చెల్లె నీ దగ్గరికే వచ్చింది. ఎత్తుకో. దానికి అక్కడ ఎవ్వరు తెల్వది" అంది. బిళ్ళను బొటనవేలితో తుడిచింది. "నా గురించి పరేషాన్ గాకు. నన్ను చిన్నమ్మ సూసుకుంటది."

నేను కూడా బిళ్ళ మీద చెయ్యి వేశాను.

"ఎత్తుకో అక్కా" అన్నాను.