రత్నావతి పిన్ని రాతి పరీక్ష

మాలకైట్ అనే పచ్చరాయి కంటబడితే అది అసలుదో కాదో తేల్చుకునేదాకా మా ఇంటి యజమానురాలు రత్నావతి పిన్నికి కాలు నిలవదు. మలేషియాలోని ఇపో ఊళ్లో ఒక బడి కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైంది. ఇంటి తాళం మరిచిపోతుంది గాని, సంచిలో నిమ్మకాయ మరిచిపోదు.

ఒక పెళ్లిలో అక్షింతలు వేయబోతూ, పెళ్లికూతురి మేనత్త కూర్మమ్మ మెడలోని పచ్చరాయి లాకెట్ పట్టుకుని తన చెంపకు ఆనించింది.

"ఏటిది కూర్మమ్మా, సల్లగా నేదు. మాలకైట్ అంటే సల్లగా, బరువుగా ఉంటాది. ఇది ప్లాస్టిక్, లా." అక్కడి వాళ్లలాగే మాట చివర 'లా' తగిలించడం పిన్నికి అలవాటు.

"నాకు తెలుసు వదినా. మెల్లగా సెప్పు."

పంతులుగారు మంత్రం ఆపి మరీ విన్నారు.

మొన్న జూన్‌లో పాత బజారులో లాకెట్లు చేసే ఇళంగోవన్ కొట్టు ఆమె కళ్లబడింది. నన్ను కారు ఆపమని దిగిపోయింది. లేత పచ్చ, ముదురు పచ్చ చారలున్న రాయి తీసి, వెనకవైపు కత్తితో గీకింది. రాలిన పొడి మీద నిమ్మరసం పిండింది. సన్నగా బుడగలు లేచాయి.

"అసలుదే."

ఇళంగోవన్ దగ్గుతూనే, సంతోషంగా పొట్లం కట్టబోయాడు. పిన్ని వెళ్లి సానయంత్రం ప్లగ్గు పీకేసింది.

"ఈ రాయి నిండా రాగి. పొడిగా అరగదీస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతాది. నీళ్లు పోసుకుంటా సెయ్యి."

ఎదుటి కొట్లో ముఖానికి కట్టుకునే మాస్కూ, ఒక బేసినూ కొని తెచ్చి అతని ముందు పెట్టింది.

ఆ మర్నాటి నుంచి మూడు వారాలు రోజూ నా కారులో అదే కొట్టుకి, అదే రాయికి పరీక్ష.

"అక్కా, ఇది నిన్న చూసిన రాయే," అనేవాడు ఇళంగోవన్ నీరసంగా.

"రాత్రికి రాత్రి మారిపోయుండొచ్చు."

ఆఫీసు ఫోన్లన్నీ బజారులో నిలబడే మాట్లాడుకుంటున్నాను. విసుగొచ్చి ఒకరోజు నేనూ లోపలికెళ్లాను. పిన్ని కళ్లు మూసుకుని రాయిని చెంపకు ఆనించుకుంది. ఇళంగోవన్ దగ్గినప్పుడల్లా, బల్ల కింద ఆమె రెండో చేతి వేలు ఒకటి ముడుచుకుంటోంది.

కారెక్కాక అడిగాను. "ఎన్ని దగ్గులు పిన్నీ?"

"మొదటి రోజు పదిహేడు. ఇయ్యాల రెండు."

"మరి రాయి?"

"అది అసలుదని మొదటి రోజే తెలిసిపోనాది. ఊరికే ఎదురుగా కూకుని లెక్కెడితే, ఆడు సిగ్గుపడి దగ్గు బిగబట్టేసుకుంటాడు." సీటు బెల్టు పెట్టుకుంది. "ఆ రెండు కూడా పోవాల. రేపు పదకొండింటికి ఆణ్ని డాక్టరుకి సూపించాల. నీకేటైనా పనుందా?"

పదకొండింటికి నాకు మీటింగు ఉంది. దాన్ని మధ్యాహ్నానికి జరిపాను.