ఫీడర్‌కి తొడిగిన ఉన్ని సాక్సు

బేరంలో నన్ను మించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. తెనాలిలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. అమెరికాలో సియాటిల్ పక్కనున్న బాతెల్ వచ్చాక, బొటనవేలంత పిట్టతో బేరమాడి గంటన్నర నిద్ర గెలుచుకున్నాను. ఆ గెలుపు ఏడేళ్లుగా నా సొరుగులో, ఖాళీ మాత్రల సీసాలో ఉంది. ఇంట్లో ఎవరినీ ఆ సొరుగు లాగనివ్వను.

పక్కింటి సుశీల ఆంటీ రిటైరైన బయాలజిస్టు. చలికాలంలో దక్షిణానికి పోకుండా ఇక్కడే ఉండిపోయే హమ్మింగ్‌బర్డ్‌లను పట్టి, కాలికి ఆవగింజంత నంబరు రింగు తొడిగి వదిలేది. ఆవిడకి లైసెన్సు ఉంది. 2008 డిసెంబరులో వారం రోజులు కూతురింటికి వెళ్తూ, పెరట్లోని పంచదార నీళ్ల ఫీడర్ నాకు అప్పగించింది. రాత్రి చలికి నీళ్లు గడ్డకడతాయి కాబట్టి సాయంత్రం లోపల పెట్టాలి. తెల్లవారకముందే బయట కట్టాలి; డిసెంబరులో ఇక్కడ ఏడున్నర దాటాకే సూర్యోదయం. రింగు పిట్ట వస్తే నోట్‌బుక్‌లో రాయాలి.

“ఎనిమిదిన్నరకి కడితే కుదరదా ఆంటీ?”

“రాత్రంతా ఉపవాసమయ్యా దానికి. నువ్వు కాఫీ తాగి వచ్చేసరికి చస్తుంది.”

“పోనీ, ఎనిమిది?”

“ఇదేం మీ నాన్న కొట్టు కాదు. ఏడు.”

మొదటి పొద్దు ఏడింటికే లేచాను. ఆ సాయంత్రం తెలివి పెరిగింది. ఫీడర్‌కి ఉన్ని సాక్సు తొడిగి, బయటే వదిలి పడుకున్నాను. ఎనిమిదిన్నరకి వెళ్తే నీళ్లు రాయిలా ఉన్నాయి. కింద మంచులో పిట్ట. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు.

అప్పుడైనా ఫోన్ చేయొచ్చు కదా? గోళ్ల కత్తెరతో రింగున్న కాలు కత్తిరించి రింగు తీశాను. నోట్‌బుక్‌లో “వచ్చింది, 7:10” అని రాశాను. మిగతా రోజులూ అలాగే రాశాను, నిమిషాలు మార్చి. భయమా, పరువా? మరి రింగు పారేయకుండా దాచుకున్నదెందుకు?

నోట్‌బుక్ చూసి ఆవిడ మురిసిపోయింది. సాక్సు తొడిగి రాత్రి బయటే ఉంచినా నీళ్లు గడ్డకట్టలేదని గొప్పగా చెప్పాను. పిట్ట మళ్లీ కనబడకపోతే, తోడు వెతుక్కుని పోయుంటుందిలే అంది. అప్పట్నుంచి ఏటా లైబ్రరీలో జనానికి చెబుతోంది: సాక్సు తొడిగితే ఫీడర్ రాత్రి బయటున్నా పరవాలేదు, మా పక్కింటబ్బాయి చేసి చూపించాడు. వెనక వరుసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను.

మీకు చెప్పాను. ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఇక బిల్లు. వచ్చింది, గంటన్నర నిద్ర. పోయింది, ఒక పిట్ట, నోట్‌బుక్‌లో ఆరు పొద్దులు. ఆవిడ మాట నమ్మి ఎన్ని పెరళ్లలో ఎన్ని ఫీడర్లు రాత్రంతా బయట గడ్డకట్టాయో నాకు తెలియదు. ఆ గడిలో ఇన్నాళ్లూ సున్నా వేసుకుంటూ వచ్చాను. ఇవాళ ఆ సున్నా కొట్టేశాను.