ఓడత్త ఉన్ని మేజోళ్లు

మొన్న మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మా ఆయన చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "మీ ఓడత్త పోయిందట. వన్‌టౌన్ నుంచి ఆఫీసుకి ఫోన్ చేశారు" అన్నాడు. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. దాన్ని దించి, కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. స్టీల్‌ప్లాంటు క్వార్టర్ల నుంచి పాత ఊరికి చాలాసేపే పడుతుంది. అంతసేపూ నేను ఏడవలేదు. మేజోళ్ల గురించి ఆలోచించాను. వినేవాళ్లకి ఇది వింతగా ఉంటుంది గానీ, ఆవిడ్ని ఎరిగినవాళ్లకి ఉండదు.

ఆవిడ మాకు చుట్టం కాదు, పక్క వాటాలో ఉండేది. భర్త ఓడలో ఖలాసీ. ఏడాదికోసారి వచ్చి నెలో, రెండు నెలలో ఉండి వెళ్లిపోయేవాడు. అందుకని మా వీధి పిల్లలకి ఆయన ఓడ మావయ్య, ఆవిడ ఓడత్త. చలిదేశాల రేవుల్లో డెక్కు మీద నిలబడేవాడు కాబట్టి మావయ్య ఎక్కడో రెండు జతల ఉన్ని మేజోళ్లు కొనుక్కున్నాడు. ముదురు నీలం రంగు, పిల్లికూన వీపంత మెత్తన. ఒక జత తొడుక్కుని ఓడెక్కేవాడు, రెండోది అత్త దగ్గర వదిలేవాడు. తిరిగొచ్చేసరికి అది శుభ్రంగా సిద్ధంగా ఉండాలి. ఈ ఉక్కపోత ఊళ్లో ఉన్ని మేజోళ్లకి సేవలేమిటని మా అమ్మ నవ్వేది. అత్త కూడా నవ్వేది గానీ సేవ మానేది కాదు.

మా నూతినీళ్లు ఉప్పన. వాటిలో కుంకుడురసం నురగ కట్టదు. అందుకని వానొచ్చినప్పుడు చూరునీళ్లు పట్టి ఒక బిందె మేజోళ్లకని దాచేది. నానేసిన కుంకుడుకాయలు పిసికి, తొక్క పడకుండా గుడ్డలో వడగట్టి, మేజోళ్లని లోపలివైపు పైకి తిప్పి అందులో ముంచేది. అరచేతులతో నొక్కడం, వదలడం, అంతే. రుద్దడం లేదు, బాదడం లేదు. నీళ్లు కారుతుంటే చూడలేక పిండబోయానొకసారి.

"ఏటే సేత్తన్నావ్? ఈ ఉన్ని గొర్రె మీదున్నన్నాళ్లూ వానకి తడిసింది గానీ, ఎవులైనా పిండినారేటి దాన్ని?" అంది.

పొడి తువ్వాలు మీద పరిచి, చాపలా చుట్టి, మోకాలితో అదిమేది. తీగ మీద మాత్రం వేసేది కాదు. "ఏలాడదీత్తే సాగిపోద్ది. మనిసి పాదమంతే ఉండాల" అనేది. పైగా బయట వేస్తే రేవు నుంచి వచ్చే ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా పడుతుంది. అందుకని గదిలో కిటికీ కింద నులకమంచం మీద ఇంకో తువ్వాలు పరిచి, మడమ దగ్గర మడమలా, వేళ్ల దగ్గర వేళ్లలా సర్దిపెట్టేది. ఒకవైపు ఆరాక రెండోవైపు తిప్పేది. ఆరిందో లేదో చేత్తో ముట్టి చెబితే ఒప్పుకునేది కాదు. "సెయ్యి అబద్దమాడుద్ది, సెంపకి పెట్టి సూడు" అనేది. పూర్తిగా ఆరాక పురుగు పట్టకుండా పొగాకు రెమ్మ ఒకటి వేసి, మల్లుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచేది. కలరా ఉండలంటే ఆవిడకి గిట్టదు.

నాకు పదిహేనేళ్లప్పుడు, రేపు మావయ్య వస్తాడనగా అత్త చేపలు కొనడానికి రేవుకి వెళ్లింది. పెట్టెలోంచి తీసి పైన ఉంచిన మేజోళ్లు నాకు కాస్త మాసినట్టు కనిపించాయి. ఆవిడ వచ్చేలోగా తళతళలాడించి మెప్పు పొందుదామనుకున్నాను. మరిగే నీళ్లలో బట్టల సోడా వేసి, ముంచి, రాతి మీద నాలుగు బాదులు బాదాను. తీసి చూస్తే అట్టలా బిగిసి, నా అరచేతిలో ఇమిడిపోయేంత అయ్యాయి. అత్త వచ్చి చూసింది. తిట్టలేదు. రెండు వేళ్లు అందులోకి దూర్చి, "సంటిపిల్లకి సరిపోతాది" అంది. ఆవిడకి పిల్లలు లేరు. ఆ మాటకంటే నాలుగు తగిలించినా బాగుండేది నాకు.

మర్నాడు మావయ్యతో, "నానే వేన్నీళ్లలో ఏసీనాను" అని తన మీద వేసుకుంది. ఆయన వాటిని దీపం గూట్లో నిలబెట్టి, "మనింటికి ఎవులో సిన్నకాళ్లోళ్లు వత్తన్నట్టున్నారు" అని వేళాకోళం చేశాడు. ఆ సెలవు అయ్యాక మిగిలిన ఒక్క జతతోనే ఓడెక్కాడు.

మళ్లీ రాలేదు. ఏదో చలిరేవులో జ్వరం తగిలి అక్కడి ఆసుపత్రిలోనే పోయాడు, అక్కడే పాతిపెట్టారు. ఇక్కడ కొండమీది చర్చిలో ప్రార్థన చేశారు. నేను ఆఖరి బెంచీలో కూర్చుని, ఓడలోకి ఆయన ఎప్పుడూ ఒక జతే తీసుకెళ్లేవాడని తెలిసినా, రెండో జత ఉండుంటే ఆయన కాళ్లు చల్లబడేవి కావు అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కొన్ని నెలలకి ఆయన పెట్టె వచ్చింది. అందులో బూట్లు, బూట్లలో కుక్కిన ఆ మేజోళ్లు, ఆయన విప్పినవి విప్పినట్టే. అత్త వాటిని ఉతకలేదు. అలాగే మల్లుగుడ్డలో చుట్టి దాచుకుంది. వానలు వెళ్లాక ఒక ఉదయం ఆ మూట పట్టుకుని మా ఇంటికొచ్చి, మడమ దగ్గర కందిగింజంత చిల్లు చూపించింది.

"పురుగు పట్టీసిందే. మురికి ఉన్ని దానికి పాయసం. ఉతక్కపోతే మొత్తం తినీసుద్ది. ఉతికితే ఆ మనిసి వాసన ఎల్లిపోద్ది. నాను సెయ్యి ముంచలేకపోతన్నాను. నువ్వు ఉతుకు."

"నేనా అత్తా? ఒక జత పాడుచేసింది చాలదా? ఆ జత ఉంటే మావయ్య..."

"కాళ్లు సల్లబడి ఎవులూ సచ్చిపోరు" అంది, ఇన్నాళ్లూ నా మనసులో ఉన్నది వింటున్నట్టు. "ఒకసారి పాడుసేసినోళ్లకే బయముంటాది. ఆ బయంతోనే ఉతుకు."

వాళ్ల గదిలోనే కూర్చుని ఉతికాను. ఆవిడ వీధివైపు తిరిగి గుమ్మంలో నిలబడింది. నీళ్లు నల్లగా దిగాయి. ఇంజను నూనె, చుట్ట కంపు, చెమట, అన్నీ కలిసి ఒక్కసారి గదంతా మావయ్య వచ్చినట్టయింది. అత్త భుజాలు కదిలాయి గానీ వెనక్కి తిరగలేదు. "ఆ నీళ్లు పారబొయ్యకు" అంది. మర్నాడు వెళ్లేసరికి బేసిన్ ఖాళీగా ఉంది. ఏం చేసిందో నేను అడగలేదు.

కోటవీధి దగ్గర రఫూ చేసే ముసలి సాయిబు ఆ చిల్లుని తెల్లదారంతో మూశాడు. నీలం దొరకలేదన్నాడు. అప్పటినుంచి ఏటా వానలు వెళ్లాక అత్తే ఉతుక్కునేది. నా పెళ్లయి నేను ఇటు వచ్చేశాను. మా పాప పుట్టినప్పుడు అట్టకట్టిన ఆ చిన్న జత తెచ్చి పాప కాళ్లకి తొడిగి, "వచ్చినారు మీ మావయ్య సెప్పిన సిన్నకాళ్లోళ్లు" అంది. తర్వాత నేను సంసారంలో పడ్డాను. వస్తా వస్తానని ఉత్తరాలు రాస్తూ రెండేళ్లు వెళ్లలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం. ఆవిడ చేత ఒక్క తిట్టు తినాలని ఉంది.

బస్సు దిగి వెళ్లేసరికి వాకిలి నిండా జనం. "లోపల పెట్టెలో తెల్లచీర ఉంటాది, తెచ్చీయమ్మా" అంది ఎవరో పెద్దావిడ. గదిలోకి వెళ్లాను. కిటికీ కింద నులకమంచం మీద తువ్వాలు పరిచి ఉంది. దాని మీద నీలం మేజోళ్లు, మడమ దగ్గర మడమలా, వేళ్ల దగ్గర వేళ్లలా. తెల్ల రఫూ పైకి కనిపిస్తోంది. ఆ పొద్దున్నే ఉతికినట్టుంది. ఒకవైపు ఆరింది, రెండోవైపు తిప్పే వేళ దాటిపోయింది.

తిప్పాను. ఒకటి తీసి చెంపకి ఆనించుకున్నాను. వేళ్ల దగ్గర ఇంకా తడిగానే ఉంది.

"చీర దొరికిందేటమ్మా?" అని బయటినుంచి అడిగారు.

"ఇంకా ఆరలేదు" అన్నాను.