వంగిన నడుముతోనే స్తుతిస్తున్న

దేవుని బిడ్డలారా, సహోదరులారా, అక్కలారా, నేను గార్ల నుంచి వచ్చిన మార్తమ్మను. నడుము నిలవడదు, గందుకే ఈ బల్ల పట్టుకోని, గిట్ల వంగే సాక్ష్యం చెప్తున్న, దేవునికే మహిమ!

నలభై నిండకముందే నాకు గర్భసంచి, దాంతోటి అండాశయాలు గూడ తీసేసిండ్రు. కడుపునొప్పి పోయిందని సంబురపడ్డ గానీ లోపల బొక్కలు గుల్లయితున్నయని నాకేం తెలుసు! కొన్నేండ్లకు, తెలంగాణ కోసం ఊరోళ్లమంత రోడ్డు మీద వంటావార్పు చేసిన దినాన, అన్నం వండిన పెద్ద గంజు గిన్నెను ఓ దిక్కు నేను, ఓ దిక్కు మా అక్క సుగుణమ్మ పట్టి లేపినం. నా నడుముల ఏదో పటుక్కుమన్నది, గాడనే కూలవడ్డ.

నొప్పి సూదులతోనే నెలలు గడిచినయి. మంచంల పక్కకు తిరగాలంటే పానం పోయేది, మనిషిని కురచైన, వీపు గూనివడ్డది. మనుమరాలు చేతులు చాపితే ఎత్తుకోలేక గోడదిక్కు తిరిగి ఏడ్చేదాన్ని. "ప్రభువా, లేపుతవా లేపు, లేకుంటే తీస్కపో" అని మొరపెడితే, సహోదరులారా, ఆకాశం ఇనుమైనట్లే ఉండె!

ఓనాడు అక్క నా మంచం కాడ మోకరించి, "ప్రభువా, నా చెల్లెను బాగుచేసుడు నాకు చాతగాదు, నువ్వే తొవ్వ సూపెట్టు" అని ప్రార్థన చేసింది. తెల్లారి బంద్ ఉన్నా ట్రాక్టర్ల గడ్డి పరిచి నన్ను పండవెట్టి, రాళ్లు అడ్డం పెట్టినకాడల్ల దిగి, "అన్నా, నా చెల్లె లేవలేదు, జర తొవ్వ ఇయ్యుండ్రి" అని బతిమిలాడుకుంట మానుకోట దవాఖానకు తీస్కపోయింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "వెన్నుబొక్క కుంగింది. అండాశయాలు తీసేసినంక ఎముకలు గుల్లబారినయి, ఒంట్ల విటమిన్ డి గూడ లేదు" అన్నది. పాలల్ల కలుపుకొని వారానికోసారి తాగే విటమిన్ డి పొడి, కాల్షియం గోళీలు, ఎముకలకు వేరే మందు రాసిచ్చింది. వంగిన నడుము మల్ల నిలవడదు, ఇంకో బొక్క ఇరగకుండ కాపాడుకోవాలె అన్నది. ముట్టు ఆగిన అక్కను గూడ బొక్కల పరీక్ష చేయించుకోమంటే, "నాకేం రోగమమ్మా, నాకు ప్రభువున్నడు" అని నవ్వింది.

నొప్పి మెల్లమెల్లగ తగ్గింది, గోడ పట్టుకోని నడిచిన, మందిరానికి వచ్చిన, దేవునికి స్తోత్రం! కానీ పోయిన వానకాలం అక్క వాకిట్ల జారిపడ్డది. తుంటిబొక్క ఇరిగి, మంచం పట్టి, వీపంత పుండ్లయి, నా దిక్కు చూసుకుంటనే పోయింది. నన్ను బతికించుకున్న అక్కను నేను లేపలేకపోయిన! ఆమెనెందుకు తీస్కపోయినవు, నన్నెందుకు ఉంచినవు అని ఇప్పటికీ అడుగుతున్న. అయినా నేను ఆయనను ఇడువలే, ఆయన నన్ను ఇడువలే.

ముట్టు ఆగిన అక్కలారా, గర్భసంచి తీయించుకున్న చెల్లెండ్లారా, నడుము నొస్తే ముసలితనమని ఊకోకుండ్రి, డాక్టరుకు చూపెట్టుకోండ్రి. గోళీ మింగుడు అవిశ్వాసం కాదు, ప్రార్థన చేసి మింగుండ్రి. ఎవలకన్న పోవ చాతగాకుంటే చెప్పుండ్రి, తోడు నేనొస్త. దుఃఖంల గూడ పక్కన కూసునే నా ప్రభువును నమ్ముండ్రి, ఆమెన్!