కసిమిరో బావ కునుకు

మా కసిమిరో బావ రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ఫ్రిజ్జుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసి, జుట్టూ ఓపికా అక్కడే వదిలేసి, మా ఊరికి తిరిగొచ్చాడు. వస్తూ ఒక గోడ గడియారాన్నీ ఒక పట్టుదలనూ వెంట తెచ్చుకున్నాడు. గడియారం మా సాంతియాగో ప్రాంతపు ఎండకు మొదటి వేసవిలోనే ఆగిపోయింది. పట్టుదల మాత్రం ఆగలేదు. అదే మా ప్రాణం మీదికొచ్చింది.

ఆ పట్టుదలేమిటంటే, మధ్యాహ్నం పడుకోకూడదని.

సాంతియాగో వాళ్లు సోమరులని దేశమంతా జోకులేస్తుంది. మా వాళ్లు ఆ జోకులకు నవ్వి, అటు తిరిగి పడుకుంటారు. బావ నవ్వలేకపోయాడు. ఫ్యాక్టరీలో రోజూ ఎవడో ఒకడు, "ఏం సాంతియాగో, ఇవాళ మంచం తెచ్చుకోలేదా?" అనేవాడట. వాళ్లెవరూ ఇక్కడ లేరు. కొందరు కాలం చేశారు కూడా. అయినా వాళ్లకు బుద్ధి చెప్పడానికని బావ మా వీధి మీద పడ్డాడు.

ఆయన చేసేది డోళ్లు. చెట్టు మొద్దును లోపల తొలిచి, రెండువైపులా మేకతోలు బిగించే పెద్ద డోళ్లు. వాళ్ల నాన్న నేర్పిన పని. ఆయన కోరికల్లా ఒక్కటే. ఊరి పండగనాడు ఆటపాటలకి మొదటి దెబ్బ వేసే ఫ్రోయిలాన్ తాత తన డోలు భుజాన వేసుకోవాలి.

"ఆ ఒక్కటీ జరిగితే చాలు ఎర్మిండా, నా పేరు మిగులుతుంది" అనేవాడు మా అక్కతో.

"ముందు నువ్వు మిగులు" అనేది అక్క.

ఒంటిగంటయ్యేసరికి మా వీధిలో కుక్కలు కూడా నీడ వెతుక్కుని పడిపోతాయి. మళ్లీ అయిదింటి దాకా ఎవరి గేటు ముందూ ఎవరూ చప్పట్లు కొట్టి పిలవరు. చావు కబురైనా అందాకా ఆగాల్సిందే. సరిగ్గా ఆ వేళకే బావ ఉలీ సుత్తీ అందుకునేవాడు. టకటకటక. మధ్యమధ్య తోలు పలుకుతోందో లేదో చూడటానికి ఒక ధామ్.

వీధి వీధంతా మంచాల మీద పళ్లు నూరేది. వెళ్లి తిట్టాలంటే కునుకు వేళ లేచి ఆయన గేటు ముందు చప్పట్లు కొట్టాలి. అంత సిగ్గుమాలిన పని ఎవరు చేస్తారు? పోనీ అయిదింటికి తిడదామని వస్తే, అప్పటికి బావ రంపపు పొట్టులో పడి గుర్రు పెడుతుండేవాడు. నిద్రపోయే మనిషిని లేపడం ఇంకా పాపం. ఎదురింటి రొట్టెల తెయోదోరా నెల్లాళ్లుగా ఒకే తిట్టును నాలుక చివర పెట్టుకుని తిరిగింది.

"ఇంత మంచి తిట్టు నాకు మళ్లీ రాదే నేలిదా! వేస్టయిపోతోంది" అని నా దగ్గర వాపోయింది.

కొనేవాళ్లదీ అదే కథ. అయిదింటికి వచ్చి, పడుకున్న మనిషిని చూసి, టోపీ తీసి, పిల్లుల్లా వెళ్లిపోయేవారు. డోళ్లు చూరు దాకా పేరుకున్నాయి.

"మనవాళ్లకి పని విలువ తెలీదు మరదలా" అని బావ నాకు నీతులు చెప్పేవాడు.

"విలువ తెలుసు బావా. పనివాడే దొరకట్లేదు" అనేదాన్ని.

పండగ వారం ఉందనగా ఫ్రోయిలాన్ తాత రానే వచ్చాడు. అయిదింటికే. బావ ఒక డోలును కావిలించుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నేను అక్క వైపు తిరిగాను.

"లేపవే అక్కా! దీని కోసమేగా ఇన్నాళ్లూ!"

అక్క చేయి అడ్డం పెట్టింది. "లేపావంటే నా చెల్లెలివని కూడా చూడను."

తాత ఒక డోలును నిమిరాడు గానీ తట్టలేదు. "వాయించి చూడందే నేను డోలు తీసుకోను. వాయిస్తే పిల్లాడు లేస్తాడు" అన్నాడు. యాభై దాటిన మా బావ ఆయనకు పిల్లాడే. అక్క ఇచ్చిన మాతే టీ తాగి వెళ్లిపోయాడు.

చీకటిపడ్డాక లేచిన బావ సంగతి విని ఇల్లు పీకి పందిరేశాడు. "నువ్వు పెళ్లానివా, పగదానివా?"

"ఇరవై ఏళ్లు నిన్ను గంట కొట్టి లేపారు. నా నోరు ఆ గంట కాదు" అంది అక్క.

బావ చతికిలబడ్డాడు. నా వైపు చూసి అన్నాడు: "ఒకసారి డ్యూటీ నుంచి వస్తూ బస్సులో నిద్రపోయాను మరదలా. చివరి స్టాపొచ్చినా డ్రైవరు లేపలేదు. లైట్లార్పేసి, తన మాతే పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. నేను లేచేదాకా కదల్లేదు. ఫ్యాక్టరీవాళ్లు మంచి పనివాడని పతకాలిచ్చారు, అవెక్కడున్నాయో తెలీదు. ఆ డ్రైవరు మొహం మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది."

నాకు ఏడుపొచ్చింది. బావ మీద జాలిపడటం నాకు అలవాటు లేదు, అందుకని వంటింట్లోకి పోయాను.

మర్నాడు ఒంటిగంట దాటింది. చప్పుడు లేదు. ఇంకాసేపు చూశాం. లేదు. వీధి హాయిగా నిద్రపోవాలి కదా? ఒక్కరికీ కన్ను మూతపడలేదు. వాళ్ల పక్కనే ఉన్న మా ఇంట్లోంచి నేను బయటికి వచ్చేసరికి తెయోదోరా అప్పటికే ఎండలో నిలబడి ఉంది.

"పోయాడేమోనే! నా తిట్టు తగిలిందే తల్లీ! పైకి అననైనా లేదే!"

ఒక్కొక్కరే పోగయ్యారు. వీధి చివర నుంచి ఫ్రోయిలాన్ తాత కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఇక తప్పదని, మా వీధి పుట్టాక మొదటిసారి, కునుకు వేళ అందరం బావ గేటు ముందు చప్పట్లు కొట్టాం.

బావ బనియనుతో, చెంపన దిండు గీతలతో తలుపు తీశాడు. "సిగ్గులేదూ? ఈ వేళప్పుడు మనిషిని లేపుతారా? మీరసలు సాంతియాగో వాళ్లేనా?"

తెయోదోరా తిట్టడానికే నోరు తెరిచింది. "బతికే ఉన్నావా నాయనా!" అని మాత్రమే వచ్చింది.

"ఎలాగూ అందరం లేచాం. ఒక డోలు వాయించి చూడనా కసిమిరో?" అన్నాడు తాత.

ఇన్నాళ్లూ ఎవరి కోసం ఎదురుచూశాడో ఆ మనిషిని బావ తేరిపార చూశాడు. పెద్దగా ఆవులించాడు.

"అయిదింటికి రా తాతా" అని తలుపేసుకున్నాడు.

తాత ఎక్కడికీ వెళ్లలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని, కిటికీలోంచి తొంగిచూసిన అక్కను మాతే అడిగాడు. మేమింకా అక్కడే గుసగుసలాడుతుంటే కర్ర ఎత్తి మమ్మల్ని అదిలించాడు.

"పొండి పొండి. పనివాడు పడుకున్నాడు."