నాయన నోట ఇంగ్లీషు మాట

మా నాయన కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు. పదో తరగతి దాకా తమిళంలో చదువుకున్నాడు. ఇంట్లో మాది తెలుగు, గడప దాటితే తమిళం. ఇంగ్లీషుతో ఆయనకు పనేమీ లేదు. అయినా ఆదివారం వచ్చిందంటే ఒక ఇంగ్లీషు పేపరు తెచ్చుకుని, వార్తలన్నీ వదిలేసి, వెనక పేజీలో ఉండే పదాల ఆట ముందు కూర్చునేవాడు. ఒక చదరంలో తొమ్మిది అక్షరాలు ఉండేవి. నడిమి అక్షరం తప్పకుండా వచ్చేలా మిగిలిన వాటితో ఎన్ని పదాలు కట్టగలమో చూడాలి. ఏళ్ల తరబడి ఆడీ ఆడీ, జనం నోట వినపడని మాటలు కూడా ఆయనకు వచ్చేశాయి. పలకడం మాత్రం రాలేదు. అక్షరాలు ఎలా ఉంటే అలాగే పలికేవాడు. నేను విరుదునగరులో కాలేజీలో చేరాక దిద్దే పని నా మీద పడింది.

అమ్మకు ఆ ఆట గిట్టేది కాదు. "దాంట్లో తల పెడితే ఇల్లు మండినా తెలీదు మీ నాయనకి," అనేది.

తొంభైల చివర్లో ఒక ఆదివారం ఉదయం ఇద్దరం వాకిట్లో నీడన కూర్చున్నాం. నడిమి అక్షరం 'డి'. నేనొక మాట చెప్పాను.

"అది రాసేసినా పాపా. ఇంకోటి సెప్పు."

ఆలోచించి ఇంకోటి చెప్పాను. ఆయన ఏదో అన్నాడు. అది ఇంగ్లీషు కాదు, తెలుగు కాదు, తమిళమూ కాదు. నవ్వించడానికి అంటున్నాడనుకుని నవ్వాను. మళ్లీ అదే అన్నాడు. పెన్సిలు జారి ఒళ్లో పడింది. తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. నోరు ఒక పక్కకు లాగేసింది. నా మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎలా తీసెయ్యాలో నాకు తెలియలేదు.

పిండి మిల్లు నుంచి వస్తున్న అమ్మ చేతిలో డబ్బా కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చింది. వీధిలోవాళ్లు ఆటో తెచ్చారు. ఊళ్లో డాక్టరు సూది వేసి పెద్దాస్పత్రికి పంపించేశాడు. సాయంత్రానికి విరుదునగరులో ఒక ఆస్పత్రిలో చేర్చాం. మెదడులో రక్తం గడ్డకట్టిందనీ, ప్రాణానికి భయం లేదనీ, మాట సంగతి ఇప్పుడే చెప్పలేననీ డాక్టరు అన్నాడు.

కొన్నాళ్లు ఆయన నోట శబ్దమే లేదు. మేం మాట్లాడేది అర్థమవుతున్నట్టు కళ్లు కదిపేవాడు, అంతే. నేను కాలేజీ నుంచి నేరుగా వార్డుకు వెళ్లేదాన్ని. నాయన అక్క, మా అత్త, అమ్మకు తోడుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం అమ్మ ఫ్లాస్కులో నీళ్లు గ్లాసులో పోసి తాగించబోయింది. ఆయన ఒక్క గుక్క తాగి మొహం తిప్పుకుని, "టెపిడ్," అన్నాడు.

పక్కనే ఉన్న అత్త మంచం మీదికి వంగింది.

"ఏమి అంటాండాడు? ఏం బాస అది?" అంది అమ్మ.

నేను గ్లాసులో వేలు పెట్టాను. నీళ్లు చల్లారి గోరువెచ్చగా ఉన్నాయి. ఆ మాటకు అర్థం అదే. ఎప్పుడో ఒక ఆదివారం చదరంలో దొరికిన మాట.

"నాయనా, నేను ఎవురు?"

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. పెదవులు కూడగట్టుకుని, "డౌగ్‌టర్," అన్నాడు.

"డాక్టరు కావాలంటాండాడు," అని అమ్మ బయటికి పరుగెత్తింది. 'డాటర్' అన్న మాటను అక్షరాలున్నట్టే పలికాడనీ, కూతురు అంటున్నాడనీ నేను చెప్పేలోపే ఆమె వార్డు దాటిపోయింది.

డాక్టరు వచ్చి తమిళంలో అడిగాడు, నాయన ఇంగ్లీషులో ఒక్కొక్క మాటగా జవాబిచ్చాడు. కొందరికి పుట్టినప్పటి నుంచి మాట్లాడిన భాష కంటే, తరవాత నేర్చుకున్నదే ముందు తిరిగొస్తుందనీ, ఎందుకో ఎవరూ చెప్పలేరనీ డాక్టరు అన్నాడు. అత్త నమ్మలేదు. ఏదో సోకిందని విభూతి తెచ్చి పెట్టింది. అమ్మ మాత్రం గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"నాతో ఇన్నేండ్లు మాట్లాడిన మాటలు యాడికి పోయినాయి? నాకు తెలీని మాటలే మిగిలినాయా?"

మర్నాడు నేను వెళ్లేసరికి అమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. "నొప్పికి ఇంగ్లీసులో ఏమి? ఆకలికి ఏమి? నాకు సెప్పు," అంది. అగ్గిపెట్టెలకు కాగితాలు అతికించి అతికించి వేళ్లు మొద్దుబారిన మా అమ్మ, ఆ మాటలను మెట్ల మీద కూర్చుని వల్లె వేసింది. తరవాత మంచం దగ్గరికి వెళ్లి నాయన భుజం మీద చెయ్యి వేసి, "పెయిన్?" అని అడిగింది.

నాయన ఆమెను వింతగా చూశాడు. "నో," అన్నాడు. తరవాత ఏడ్చాడు. మా వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

కోవిల్‌పట్టికి వచ్చాక కూడా వానాకాలం దాకా అలాగే గడిచింది. ఒక ఉదయం అమ్మ కూరగాయల బండివాడితో బేరమాడుతుంటే, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న నాయన, "పాలు పొంగతాండాయి," అన్నాడు.

తెలుగులో. అమ్మ వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది. పాలు పొయ్యి మీదుగా నేల మీదికి కారాయి. ఎవరమూ దించలేదు.

ఆ తరవాత తెలుగు కుదురుకుంది, వెనకే తమిళం వచ్చింది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. నాకు ఇంకో దెబ్బ మిగిలే ఉంది. ఆదివారం పేపరు తెచ్చి ముందు పెడితే, ఆయన తొమ్మిది అక్షరాలనూ వరసగా చదివాడు, ఒక్క పదమూ కట్టలేకపోయాడు. నేను నీళ్ల గ్లాసు చూపించి 'టెపిడ్' గుర్తు చేశాను. "అంటే ఏమి?" అన్నాడు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. నేను పేపరు మడిచి లోపల పెట్టేశాను.

పెళ్లయ్యాక ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు, ఆస్పత్రిలో ఆ రోజులు ఎలా ఉండేవని నాయనను అడిగాను.

"మీరు మాట్లాడేదంతా వినపడతానే ఉండె. జవాబు సెప్పాలని నోరు తెరస్తే, వేరే ఎవురో మాట్లాడినారు. నాకే బయం వేసింది పాపా."

ఇక దాని గురించి అడగొద్దన్నాడు. ఎడమచేత్తో కర్ర అందుకుని గడ్డం గీయించుకోవడానికి బయల్దేరాడు.