కండె అడిగితే వాక్యం

ఆ రోజుల్లో పూర్తి వాక్యం మీద నాకు ఉన్నంత నమ్మకం ఇప్పుడు దేని మీదా లేదు. ఇరవై రెండేళ్ళకు టీచరు ట్రైనింగ్ ముగించి ఆదోనిలో ఇంట్లో కూర్చుని ఉంటే, ఎమ్మిగనూరు దగ్గర ఒక మగ్గాల ఊళ్ళో ఏడో తరగతి వరకూ ఉన్న బడికి నన్ను వాలంటీరుగా తీసుకున్నారు. వాలంటీరంటే పని టీచరు పనే, ఉద్యోగం మాత్రం వేసవి సెలవులు రాగానే అయిపోతుంది. వచ్చే ఏడాది మళ్ళీ తీసుకోవాలంటే మండల విద్యాధికారి ఒక మంచి మాట రాయాలి. ఆయన ఏడాది చివర్లో బడికి వస్తారు, ఐదో తరగతి పిల్లల చేత ఎప్పుడూ చూడని పేరా ఒకటి చదివిస్తారు, దాని మీద ప్రశ్నలు అడుగుతారు. "ఆయన పిల్లోల్ల జవాబులే సూస్తాడమ్మా, నీ మొగం సూడడు," అని మా హెడ్మాస్టరు మొదటి రోజే చెప్పేశారు. మా నాన్న పత్తి మిల్లు పని వదిలేసిన ఏడాది అది. నా జీతంతోనే ఇల్లు గడుస్తోంది కాబట్టి, ఆ మంచి మాట నాకు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

మా ఐదో తరగతి పిల్లలకు చదవడం వచ్చు, చదివింది అర్థం చేసుకోవడమూ వచ్చు. రానిదల్లా జవాబు చెప్పడమే. "రైతు సంతకు ఎందుకు వెళ్ళాడు?" అంటే "ఎద్దుకు" అనేవాళ్ళు. "ఎద్దును ఎందుకు కొనలేదు?" అంటే "కుంటిది." "తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎవరు కనిపించారు?" అంటే "మామ." మూడూ సరైన జవాబులే. కాని మూడూ కలిపి చదివితే ఎద్దుకు ఒక కుంటి మామ ఉన్నట్టు తేలేది. అధికారి ముందు ఈ మామను నిలబెడితే నా గతి ఏమిటని భయం పట్టుకుంది. అందుకని ఒక నియమం పెట్టాను. ప్రశ్నలోని మాటలు జవాబులోకి రావాలి. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్న మాట తీసేసి అక్కడ తెలిసింది పెట్టాలి. ఒక్క మాటతో చెప్పిన జవాబుకు సున్నా. పిల్లలు పది రోజుల్లో దారికొచ్చారు. అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఉత్సాహం పట్టలేక, "బడిలోనే కాదు, ఇంట్లో కూడా ఇట్లాగే మాట్లాడాలి," అనేశాను. (ట్రైనింగులో మా లెక్చరరు ఇల్లు కూడా ఒక బడే అని చెప్పారు. ఆయన మగ్గాల ఇల్లు ఎప్పుడూ చూసి ఉండరు.)

మగ్గం నేసే మనిషి గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. కాళ్ళూ చేతులూ తీరిక లేకుండా ఆడుతుంటాయి, కండె పెట్టిన నాడె పడుగు మధ్య అటూ ఇటూ పరుగెడుతుంటుంది, ఆ చప్పుడులో పొడుగు మాట ఎవరికీ వినబడదు. అందుకని ఆ ఇళ్ళల్లో అందరూ ఒక్కో మాటే అరుస్తారు. "కండె" అంటే నూలు చుట్టిన కండె చేతికి రావాలి. "పోగు" అంటే తెగిన దారం ముడి వేయడానికి ఎవరో ఒకరు లేవాలి. "నీళ్ళు" అంటే సరే, తెలిసిందే. అత్తాకోడళ్ళ పోట్లాటలు కూడా రెండేసి మాటల్లోనే తేలిపోయేవని తరువాత విన్నాను. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. ఆదోని బస్సు దిగి నేరుగా బడికి, బడి నుంచి నేరుగా బస్సుకు, అదే నాకు తెలిసిన ఊరు.

మా తరగతిలో ఒక పిల్ల ఉండేది. పొద్దున లేచి ఇంట్లో కండెలు చుట్టి బడికి వచ్చేది కాబట్టి అందరూ కండెలమ్మ అనేవాళ్ళు. ఇంట్లో కూడా ఇట్లాగే మాట్లాడాలని నేను చెప్పిన మూడో నాడో నాలుగో నాడో వాళ్ళ నాయన బడికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"టీచరమ్మా, నా కూతురికి బడిలో ఏమన్నా అయినాదా?"

"ఎందుకన్నా, ఏమైంది?"

"నిన్న మగ్గంలో కూసోని 'కండె' అంటిని. ఇదేమో చేతులు కట్టుకోని నా ముందర నిలబడి, 'నాయనా, నువ్వు అడిగిన ఎర్ర కండెను నేను ఇంకా చుట్టలేదు, కాసేపట్లో చుట్టి నీకు ఇస్తాను' అంటాది. అది సెప్పేది అయిపోయేతలికి నాడెలో నూలు అయిపాయ. నేను దాని మొగం సూస్తా వట్టి నాడె ఆడిస్తాండా. రాత్రి అన్నానికి కూసోని 'ఏం కూర' అంటిని. వాళ్ళమ్మ నోరు తెరిసేలోగా, 'ఈరోజు మా ఇంట్లో వండిన కూర వంకాయ కూర' అని ఇదే సెప్పినాది. నాకు భయమాయ. గాలి సోకిందేమోనని వాళ్ళవ్వ దిష్టి కూడా తీసినాది."

ఆయన తిట్టడానికి రాలేదు, నిజంగానే భయపడి వచ్చాడు. నేను నవ్వు ఆపుకుని, అధికారి రాక సంగతి, నా ఉద్యోగం సంగతి చెప్పాను. ఆయన తల గోక్కుని, "అట్లయితే మగ్గం ఆడేటప్పుడు ఒక్క మాట, మగ్గం ఆగినాక నీ ఇష్టం. సరేనా?" అన్నాడు. సరేనన్నాను. కాని ఈ సడలింపు కూడా క్షణాల్లో తరగతికి తెలిసిపోయింది. మరునాడు ప్రశ్న అడిగితే వెనక బెంచీ వాడు, "పెన్సిల్ సెక్కుతాండా టీచర్, చేతులు ఖాళీ లేవు, ఒక్క మాట సాలు కదా," అన్నాడు.

అధికారి వచ్చిన రోజు హెడ్మాస్టరు కొత్త చొక్కా వేసుకున్నారు. వచ్చినాయన మాత్రం మగ్గం వాళ్ళకంటే పొదుపరి. నమస్కారానికి "ఊఁ", మజ్జిగకు "వద్దు", నా పరిచయానికి మళ్ళీ "ఊఁ". ఒక ముసలమ్మ, ఆమె గొర్రె గురించిన పేరా ఇచ్చి చదివించారు. "ముసలమ్మ గొర్రెను ఎందుకు అమ్మలేదు?" అంటే కండెలమ్మ లేచి, "ముసలమ్మ గొర్రెను సొంత బిడ్డ మాదిరి సాకింది కాబట్టి అమ్మలేదు సార్," అంది. మిగిలిన పిల్లలూ ఒకరిని మించి ఒకరు చెప్పారు. ఆయన అన్నిటికీ "ఊఁ" అంటూ ఏదో రాసుకున్నారు. ఆ ఊఁ మెచ్చుకోలో విసుగో నాకు అంతు పట్టలేదు. లేచి వెళ్ళబోతూ, "మీరేమైనా అడుగుతారా?" అన్నారు. ఏ అధికారి అయినా అడిగే మాటే, ఏ పిల్లా నోరు తెరవదు. కండెలమ్మ లేచింది.

"సార్, మా టీచర్ వచ్చే ఏడాది మా బడిలో ఉంటాదా?"

"చూద్దాం."

"సార్, ఒక్క మాట సెప్పగూడదు. ప్రశ్నలో ఉండే మాటలు జవాబులోకి రావల్ల."

"కూసో పాపా!" అని హెడ్మాస్టరు గుడ్లురిమారు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఇంకేముంది, ఆదోనిలో మా నాన్నకు ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను. అధికారి చేతిలోని ఫైలు మళ్ళీ బల్ల మీద పెట్టారు. "ఇది మీకు ఎవరు నేర్పారు?" అన్నారు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో, "ఇది మాకు మా టీచర్ నేర్పింది సార్!" అని అరిచింది. ఆయన నవ్వారు. తరువాత ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు, "మీ టీచరు... వచ్చే ఏడాది... మీ బడిలో... ఉంటుంది," అన్నారు. కండెలమ్మ తృప్తిగా కూర్చుంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగాను. జూన్‌లో ఆర్డరు వచ్చింది.

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో పర్మనెంటు టీచరును. ఊఁ అనడమూ చూద్దాం అనడమూ నాకూ బాగా వంటబట్టాయి. మొన్న బదిలీ కాగితం బ్యాగులో పెట్టుకుని బయటికి వస్తుంటే ఒక చిన్నది అడ్డం వచ్చి, "టీచర్, వచ్చే ఏడాది కూడా మాకు మీరే కదా?" అంది. "చూద్దాం," అన్నాను. అది సరేనని నమ్మి ఆటకు పోయింది. నాలుగడుగులు వేశాక, ఒక్క మాట జవాబుకు సున్నా వేసే ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. వెనక్కి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, "వచ్చే ఏడాది నేను ఈ బడిలో ఉండనమ్మా," అని చెప్పాను. ఆ చిన్న వాక్యం పూర్తి చేయడానికి నాకు చాలాసేపు పట్టింది.